మలుపు అట్ట

శ్రావణం మొదట్లో ఒక పొద్దున పెంటప్ప స్టూలెక్కి, తన మగ్గం నెత్తి మీద ఏళ్ళుగా వేలాడుతున్న అట్టల దండను దించుకున్నాడు. సిద్ధరాములు కింద చేతులు చాపి నిలబడ్డాడు గానీ పెంటప్ప దాన్ని అతనికివ్వలేదు. మడతలు మడతలుగా తన మెడలోనే వేసుకుని కాలితో నేలను తడుముకుంటూ దిగాడు. దిగాక చూస్తే మనిషి ఎక్కడా లేడు. పైన తెల్ల టోపీ, దాని కింద ముక్కు మాత్రం కనిపిస్తున్నాయి.

"పెండ్లికొడుకు లెక్క ఉన్నవయ్యా," అంది ఆయన భార్య యమునాబాయి. ఆమె ఒళ్ళో బీడీల చాట ఉంది. ఆకు చుట్టే వేళ్ళు ఆగలేదు.

"ఈ వయసుల నాకు పిల్లనెవలిస్తరే?"

"ఎవలన్న ఇస్తమన్నా నేను ఇయ్యనిస్తనా?"

అట్టలంటే నేత తెలియనివాళ్ళకు చెప్పాలి. మూరెడు పొడవుండే దళసరి కాగితపు పలకలు, వాటి నిండా చిల్లులు. అడ్డదారాన్ని మోసే నాడె ఒకసారి అటు పోయినప్పుడు పడుగులో ఏ దారాలు లేవాలో, ఏవి పడుకోవాలో ఒక్కో అట్ట చెబుతుంది. అన్నింటినీ పక్కపక్కన దారంతో కుట్టి దండ చేస్తే, అది మగ్గం మీది జకార్డు పెట్టె దగ్గర తిరుగుతూ బొమ్మ నేయిస్తుంది. పెంటప్ప దండలో ఉన్నవి జోడు చిలకలని పేటంతా అంటారు గానీ, నిజానికి ఉన్నది ఒక్క చిలకే. చద్దరు సగం దాకా దాన్ని తోక నుంచి ముక్కు వరకు నేసి, అక్కడ చెయ్యి పైకెత్తి మలుపు తాడు లాగితే దండ వెనక్కి నడిచేది. అవే అట్టలు తిరుగు వరసలో వచ్చి, మొదటిదానికి ఎదురుగా రెండో చిలకను ముక్కు నుంచి తోక దాకా నేసేవి. చద్దరులో సగం అట్టలది, సగం పెంటప్ప కుడిచేతిది.

ఆ మలుపు దగ్గరే ఒక తిరకాసు ఉంది. దండ వెనక్కి మళ్ళేటప్పుడు చివరి అట్ట రెండుసార్లు కొడుతుంది. ఒకే సందులో రెండు పోగులు పడి, రెండు ముక్కుల నడుమ చద్దరుకు అడ్డంగా సన్నటి గీత తేలుతుంది. కంటికి సరిగా ఆనదు, వేలికి ఆనుతుంది. వెనకటికి బజారులో ఒక వ్యాపారి ఆ గీత మీద గోరుతో గీరి, "సెకండ్ మాల్" అని చద్దరును పక్క దొంతర మీదికి విసిరేశాడు. ఆ సంగతి పెంటప్ప ఎవరికీ చెప్పలేదు, యమునాబాయికి తప్ప. ఆమెకు మాత్రం ఇద్దరు కూతుళ్ళు పెరిగి, పెళ్ళిళ్ళై, వాళ్ళకు పిల్లలు పుట్టేదాకా చెబుతూనే ఉన్నాడు.

ఇప్పుడు ఆయన మోకాళ్ళు మగ్గం కింద కాళ్ళుంచే గుంతలోకి దిగమంటే దిగనంటున్నాయి. మగ్గం విప్పేయక తప్పలేదు. మగ్గం పోతే చిలకలూ పోయినట్టే. అప్పుడు సిద్ధరాములు ముందుకొచ్చాడు. అదే గల్లీలో పెరిగినవాడు, కుంఠా నాకా దగ్గర తువ్వాళ్ళు నేసే నాలుగు మరమగ్గాలతో, వాళ్ళ మాటలో నాలుగు సాంచలతో, కార్ఖానా పెట్టుకున్నాడు. వాటిలో ఒకదాని మీద చిలకలను ఎక్కిద్దామన్నాడు.

"ఈ శ్రావణంల వచ్చె నారళీ పున్నమి దాక చూస్త కాకా," అన్నాడు. "ఎక్కితె నీ చిలకలు ఎప్పటికి నడుస్తయి. ఎక్కకపోతె మళ్ళ తువ్వాలల అట్టలే పెట్టుకుంట. సాంచను ఎన్ని దినాలని ఖాళీగ ఉంచను? ఇంకోటి. కరెంటు సాంచకు తాడు గుంజెటోడు ఉండడు. దండ ముంగటికే పోవాలె. గందుకె రెండో సగం గూడ అట్టలు కొట్టించి, దండ పొడుగు చెయ్యాలె."

పెంటప్ప సరేనన్నాడు. పైకి సరేనన్నాడే గానీ లోపల ఆయనకు పండగలా ఉంది. తాడు లాగడం లేకపోతే మలుపు ఉండదు. మలుపు లేకపోతే గీత ఉండదు. చచ్చేలోగా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క చద్దరు, గీత లేకుండా తన చిలకలను చూసుకోవాలి.

*

అట్టలు కొట్టేవాడు పాతవాటిని ముందు పెట్టుకుని మక్కీకి మక్కీ కొత్తవి కొట్టి పంపాడు. యమునాబాయి బీడీల చాట పక్కన పెట్టి, మేకులు దిగ్గొట్టిన పొడుగు చెక్కను నేల మీద వేసుకుంది. ఒక దారం పైనుంచి, ఒక దారం కిందినుంచి, అట్టకూ అట్టకూ నడుమ మెలి వేసి బిగించడం ఆమెకు పుట్టింట్లోనే వచ్చిన పని. సిద్ధరాములు తల్లి సుందరాబాయి గోడకు ఆనుకుని కూర్చుని అట్టలు అందిస్తోంది.

పాత అట్టలు దీపం పొగకూ చేతి జిడ్డుకూ నల్లబడి మెత్తగా ఒరుగుతున్నాయి. కొత్తవి అత్తారింటికి కొత్తగా వచ్చిన కోడలిలా బిగుసుకుని ఉన్నాయి. పాత సగం ముక్కు దగ్గర ముగిసింది. కొత్త సగం తిరుగు వరసలో ముక్కు దగ్గరే మొదలైంది. అంటే ముక్కు అట్ట పక్కన మళ్ళీ ముక్కు అట్టే వచ్చింది. రెండింటికీ చిల్లులు ఒక్కటే.

అంతసేపూ గుమ్మంలో కూర్చుని చూస్తున్న పెంటప్ప చటుక్కున లేచి వచ్చి కొత్తదాన్ని తీసుకున్నాడు.

"ఇది వద్దు. తీసెయ్."

"తియ్యాల్నా?" అంది యమునాబాయి.

"రెండు అట్టలు ఒక్క తీరుగుంటె మళ్ళ అదే గీత పడ్తది. ఇన్నేండ్లు పడ్డది చాలదా? ఆ చిలకలు ఏమన్న ఆస్తి పంచుకున్న పాలోళ్ళా, నడుమ గోడ కట్టనీకి?"

సుందరాబాయి అప్పటికే పొయ్యి చూసుకోవడానికి తన ఇంటికి లేచిపోయింది. యమునాబాయి మొగుడి ముఖంలోకి ఒక క్షణం చూసింది. ఆయన ముఖం కొత్త అంగీ తొడుక్కోబోతున్న పిల్లవాడిదిలా వెలిగిపోతోంది. ఆమె తల వంచుకుని కుట్టుకుంటూ పోయింది. పెంటప్ప ఆ అట్టను గోడ మీది మార్కండేయుడి పటం వెనక దోపాడు. పారేయడానికి చెయ్యి రాలేదు. అట్ట కదా మరి.

*

దండను కార్ఖానాకు మోయడం సులువే, మగ్గం మీదికి ఎక్కించడమే గగనమైంది.

నర్సప్ప జాబర్ మరమగ్గాల వైద్యుడు. పానా చేతిలో లేకపోతే అతనికి మాట రాదు, దవడలో తంబాకు లేకపోతే పానా తిరగదు. నిచ్చెనెక్కి, తువ్వాళ్ళ దండను విప్పి కింద పడేశాడు. అది పిల్ల దండ, రెండు చేతుల్లో ఇమిడింది. దాని చోట పెంటప్ప దండను వేలాడదీస్తే, అది మడతలు పడుతూ వచ్చి పక్క మగ్గం పడుగు మీద కూర్చుంది.

"కాకా, ఇది దండనా, పల్లెకు పోయే తొవ్వనా?" అన్నాడు.

దండ మడతలు వేలాడే ఇనుప పట్టీలను పొడుగు చేయాల్సి వచ్చింది. పక్కసందులోంచి వెల్డింగువాడు వచ్చి రెండు పట్టీలకు రెండు ముక్కలు అతికాడు. అవి పోయి గోడకు తగిలాయి. గోడకు తగిలితే దండ తిరగదు. పట్టీలను విప్పి, కిటికీ వైపు మళ్ళించి, దూలానికి తీగలు కట్టి వేలాడదీశారు. కొన్ని కొన్ని అట్టలకొక ఇనుప చువ్వ గుచ్చితే, ఆ చువ్వలు పట్టీల మీద ఆనుకుని దండ బట్టలారేసినట్టు మడతలుగా వేలాడింది. అప్పుడు మీట నొక్కారు.

పాత సగం నడిచినంతసేపూ చిలక బుద్ధిగా వచ్చింది. కొత్త సగం రాగానే దండ ఎగిరెగిరి పడింది. వాన ముసురుకు కొత్త అట్టలు చెమ్మ పీల్చి ఉబ్బాయి. పెట్టె మేకులు వాటి చిల్లుల్లో సరిగా దూరడం లేదు. ఒక అట్ట జారింది, దాని వెనక ఇంకోటి. చిలకకు రెండు తలలు వచ్చాయి.

"పాతయి మెత్తగ, కొత్తయి గట్టిగ," అన్నాడు నర్సప్ప నిచ్చెన మీదినుంచి. "రెంటికి జోడు కుదరదు. పాతయి తీసి పారేసి, పూరా కొత్తయే కొట్టిచ్చుండ్రి. లేకపోతె తువ్వాలలే నేసుకోండ్రి."

సిద్ధరాములు కింద పడి ఉన్న తువ్వాళ్ళ దండ వైపు చూశాడు. ఆ చూపు పెంటప్ప చూశాడు. ఇంతేనా, అనుకున్నాడు. ఇంత దూరం వచ్చి ఇక్కడ ఆగిపోతాయా నా చిలకలు?

ఆ సాయంత్రం దండ మళ్ళీ ఇంటికొచ్చింది. యమునాబాయి చుట్టిన బీడీలను కాచే కుంపటి ముట్టించింది. నిప్పులు మంట ఆరి బూడిద కప్పుకున్నాక, బీడీల జల్లెడకు బదులు దండలోని కొత్త సగాన్ని మడత తర్వాత మడత దాని మీదుగా పట్టింది. మాడకూడదు, చెమ్మ మాత్రం పోవాలి. బీడీ ఎంత సెగకు గలగలమంటుందో ఆమె చెవికి తెలుసు, అట్ట కూడా అంత సెగకే గలగలమంది. పెంటప్ప అవతల గదిలో విప్పేసిన మగ్గం దగ్గర నిలబడి చాలాసేపు ఆలోచించాడు. తర్వాత నేసిన బట్ట చుట్టుకునే గుండ్రటి కర్రను ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. ఎన్నేళ్ళు బట్ట రాసుకుందో, ఆ కర్ర అద్దంలా నున్నగా ఉంది.

మర్నాడు నర్సప్ప దాన్ని రంపంతో కోస్తుంటే పెంటప్ప ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కోసిన ముక్కకు రెండు వైపులా ఇనుప ములుకులు దిగ్గొట్టి, జకార్డు పెట్టెకు కింద, దండ వచ్చే దారిలో వేలాడదీశారు. దండ బరువును ఆ కర్ర తీసుకుంది. అట్టలు దాని మీదుగా ఒద్దికగా పొర్లుకుంటూ పోయి మేకుల్లో కూర్చున్నాయి. కార్ఖానా అంతా బీడీ వాసన.

దండను సర్దుతూ నర్సప్ప నడుమ ఒకచోట ఆగాడు. "వదినే, ఈడ వెనక దారం మస్తు మిగిలింది. మడిచి కట్టినవు. కోసేస్తున్న."

"ముట్టకు," అంది కింద నిలబడ్డ యమునాబాయి. "గది నా కుట్టు. ఉండనియ్యి."

నర్సప్ప భుజాలెగరేసి వదిలేశాడు. దండ తిరగడానికి అది అడ్డం కాలేదు. ఈసారి మీట నొక్కితే దండ ఎగరలేదు.

*

తొలి చద్దరు నేస్తున్నంతసేపూ పెంటప్ప మగ్గం పక్కనే నిలబడ్డాడు. కార్ఖానా చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినబడదు. తోక వచ్చింది, రెక్క వచ్చింది, మెడ వచ్చింది. ముక్కు చివర రాగానే ఆయన కుడిచెయ్యి దానంతటది పైకి లేచి, లేని తాడును పట్టుకోబోయింది. మగ్గం ఆయన కోసం ఆగలేదు. అట్ట మీద అట్ట పడిపోయింది, ఎదుటి చిలక ముక్కు అప్పటికే మొదలైంది. పెంటప్ప చెయ్యి దించుకుని, ఎవరైనా చూశారేమోనని టోపీ సర్దుకున్నాడు.

చద్దరు దిగాక నడుమన బొటనవేలు పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి రాశాడు. నున్నగా ఉంది. ఎక్కడా ఏమీ లేదు. మళ్ళీ రాశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వ్యాపారి బతికి ఉంటే బాగుండుననుకున్నాడు.

"ఏక్ నంబర్ మాల్ కాకా!" అని సిద్ధరాములు చప్పుడుకు మించి అరిచాడు.

ఆ నేతవాళ్ళలో కొత్తగా సర్దిన మగ్గం మీద దిగిన తొలి బట్ట ఎవరూ కప్పుకోరు, పున్నమి నాడు మార్కండేయుడికి ఇస్తారు. ఇచ్చే ముందు ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి, బట్టను నేలకు తగలనీయకుండా మడవాలి. జోడు చిలకల చద్దరైతే ముక్కు మీద ముక్కు పడేలా మడవాలి. ఇంటికి తెచ్చిన చద్దరును మడవడానికి సుందరాబాయి వచ్చింది. తనొక కొస, యమునాబాయి ఒక కొస పట్టుకున్నారు. పేటలో ఎన్ని చద్దర్లు మడిచారో వాళ్ళకే తెలియదు, కబుర్లు చెప్పుకుంటూనే మడవగలరు.

మడత వంకర పోయింది.

నవ్వుకుని విప్పారు. మళ్ళీ మడిచారు. ఈసారి ఒక చిలక ముక్కు రెండో చిలక కంట్లో పడింది. సుందరాబాయి వేళ్ళు అంచు వెంట ముందుకూ వెనక్కూ పాకుతున్నాయి.

"గీత దొరుకుతలేదు వదినె," అంది.

"లేదు," అన్నాడు పెంటప్ప గర్వంగా. "తీసేసిన."

సుందరాబాయి, ఇంటి గడపను తీసేశానని ఎవరో అన్నట్టు, ఆయన వైపు చూసింది. "అయ్యో, ఎందుకన్నా?"

"ఎందుకేంది? అది తప్పు గద."

"ఏం తప్పు? మా ఇంట్ల నలుగురు పిల్లలకు ఒక్కటే చద్దరు. గీతకు ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. ఎవడన్న గీత దాటిండో, ఆ రాత్రి కురుక్షేత్రమే! చీకట్ల దీపం ముట్టించె పనే లేకుండె, చేతికి తగుల్తుండె. చిలకలదేముంది పెంటప్పన్నా, చిలకలైతె అందరు నేస్తరు. నీ చద్దరంటె మాకు ఆ గీతనే."

ఆమె ఏదీ మనసులో పెట్టుకుని అనలేదు. కొసకు కొస చూసుకుంటూ ఎలాగో మడత ముగించి, చద్దరును పీట మీద పెట్టి వెళ్ళిపోయింది. పెంటప్ప మాత్రం ఉన్నచోటనే ఉండిపోయాడు.

మధ్యాహ్నం వాన పెద్దదైంది. ఆయన ట్రంకులోంచి తమ పాత చద్దరు తీసి కప్పుకుని పడుకున్నాడు. రంగులు వెలిసి ఏది ఆకుపచ్చో ఏది ఎరుపో తెలియడం లేదు. చెయ్యి దానంతటది పోయి నడుమన గీతను పట్టుకుంది. ఒకప్పుడు ఈ గీతకు అటు పెద్దకూతురు, ఇటు చిన్నకూతురు సుశీల. పక్కనే గుంతలో ఆయన నేస్తుంటే ఆ టకటకల్లోనే పిల్లలు నిద్రపోయేవారు. సుశీల గీత మీద వేలు పెట్టుకుంటే గానీ పడుకునేది కాదు. అత్తగారింటికి పోయేనాడు కొత్త చద్దరు పెడితే పక్కకు నెట్టి, "నాకు పాతదే ఇయ్యి నాయినా" అంది. తండ్రి నేసిన కొత్త చద్దరు వద్దంటుందా అని ఆ రోజు పెంటప్ప చిన్నబుచ్చుకుని, కొత్తదే కట్టి పంపాడు. ఆ కొత్తదానికీ గీత ఉందని, కాకపోతే ఆ పిల్ల వేలు ఇంకా దాన్ని అరగదీయలేదని ఇప్పుడు అర్థమైంది. ఎంత పిచ్చివాణ్ణి, అనుకున్నాడు. ఎవడో గోరుతో గీరినందుకు ఇన్నేళ్ళు సిగ్గుపడ్డాను, ఇంతమంది వేలు పెట్టుకుని పడుకున్నది మాత్రం నాకు కనబడలేదు.

*

పున్నమికి ముందు రోజు పొద్దున్నే పటం వెనక దోపిన అట్టను తీసి చంకలో పెట్టుకుని పెంటప్ప కార్ఖానాకు పోయాడు. వెనక యమునాబాయి కూడా వచ్చింది. ఎందుకొస్తున్నావని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

సిద్ధరాములు విని నెత్తి పట్టుకున్నాడు. "కాకా, గీత లేని మాల్ వచ్చిందని నేను సంబరపడ్తుంటే! నువ్వే గద తీసేసినవు?"

"నేనే తీసిన. నేనే పెట్టుమంటున్న."

"బజార్ల మళ్ళ సెకండ్ మాల్ అంటరు."

"అననియ్యి. ఒక్క ముచ్చట చెప్పు సిద్ధా. చిన్నప్పుడు నువ్వు గీతకు ఏ దిక్కు పండుతుంటివి?"

"గోడ దిక్కు," అన్నాడు సిద్ధరాములు వెంటనే, ఆలోచించకుండా. అన్నాక తన నోటి నుంచి వచ్చిన మాటకు తనే ఆశ్చర్యపోయాడు. చేతిలోని నూలు కండెను అటూ ఇటూ తిప్పాడు. తర్వాత నర్సప్ప వైపు తిరిగి, "పెట్టు," అన్నాడు.

"ఏం పెట్టు?" నర్సప్ప చిరాకుపడ్డాడు. "నడుమ అట్ట దూర్చాలంటె దారం చాలొద్దా? పూరా దండ దించాలె, సగం కుట్టు తెంపాలె, మళ్ళ కుట్టాలె. రేపే పున్నమి. ఈ దినంల అయ్యే పని కాదు."

యమునాబాయి అప్పటికే కొంగు నడుముకు చుట్టి నిచ్చెన రెండో మెట్టు మీద ఉంది. "దండ థోడా తిప్పు నర్సప్పా. ముక్కు దాక రానీ."

చేత్తో తిప్పాడు. పాత నల్ల అట్టలు అయిపోయి కొత్త తెల్ల అట్టలు మొదలయ్యే చోటు వచ్చింది. ఆమె వెనక్కి చెయ్యి పోనిచ్చి, మడిచి కట్టిన దారం ముడిని గోటితో లాగింది. ముడి ఊడింది. పైదారం, కిందిదారం రెండూ సరిగ్గా ఒక అట్ట పట్టేంత వదులై నిలిచాయి.

పెంటప్ప కిందినుంచి చూస్తున్నాడు.

"ఎప్పుడు పెట్టినవే ఇది?"

"నువ్వు తీసెయ్ అన్ననాడే," అంది యమునాబాయి, చెయ్యి కిందికి చాపుతూ. "అట్ట తియ్యమన్నవు, తీసిన. దారం తెంపమన్లేదు గద. ఇగ ఇయ్యి."

పెంటప్ప అట్ట అందించాడు. ఆమె దాన్ని సందులో కూర్చోబెట్టి, పైదారం కిందికీ కిందిదారం పైకీ మెలి వేసి, పంటితో పట్టి బిగించింది.

మధ్యాహ్నానికి మగ్గం మీద కొత్త చద్దరు నడుము దాకా వచ్చింది. పెంటప్ప పక్కనే నిలబడ్డాడు. ముక్కు చివర దగ్గర ఆయన కుడిచెయ్యి మళ్ళీ పైకి లేచింది. ఈసారి దించుకోలేదు. ఒకే అట్ట రెండుసార్లు పడ్డట్టు రెండు దెబ్బలు పడ్డాయి. ఆ రెండో దెబ్బకు ఆయన గాలిలోనే తాడు లాగాడు. పడుగు కదిలింది, ఎదుటి చిలక ముక్కు మొదలైంది. సిద్ధరాములు చూశాడు. చూసి, పక్క మగ్గంలో ఏదో పోగు తెగినట్టు అటు తిరిగాడు.

పున్నమి నాడు మార్కండేయుడి గుడి ముందు డోళ్ళు, జనం, రథం. మెట్ల పక్కన యమునాబాయి, సుందరాబాయి చెరో కొసా పట్టుకుని, అట్ట చేర్చాక మగ్గం దిగిన తొలి చద్దరును మడుస్తున్నారు. సుందరాబాయి కళ్ళు రథం మీద ఉన్నాయి. యమునాబాయి మెడ చాచి జనంలో ఎవరినో వెతుకుతూ, ఈ ఏడు రథం నిరుటికంటే ఆలస్యమైందని ఏదో చెబుతోంది. ఇద్దరిలో ఒక్కరూ చద్దరు వైపు చూడటం లేదు. వాళ్ళ బొటనవేళ్ళు అంచు వెంట పోయి నడుమన ఆగాయి. మడత పడింది, ముక్కు మీద ముక్కు.

పెంటప్ప రెండు చేతులూ జోడించాడు. పూజారి లోపలి నుంచి పిలిచేదాకా, దండం పెడుతున్నది దేవుడికో ఆ నాలుగు చేతులకో ఆయనకే తెలియలేదు.